నాలుగో నంబరు

గొర్రెల మెడకు పట్టీలు కట్టి వాటి నడకను లెక్కల్లోకి దించుతానని మా శిష్యుడొకడు హైదరాబాదు నుంచి ఆదోనికి దిగాడు. ఇంటర్‌లో నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడే. ఇప్పుడు గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. బ్యాగు నిండా అగ్గిపెట్టెంత డబ్బాలు తెచ్చాడు. ఒక్కోదానిలో జీపీఎస్, సిమ్ కార్డు, పైన చిన్న సోలార్ పలక. డబ్బా తానెక్కడున్నదీ కాసేపటికోసారి సెల్ టవర్ ద్వారా కబురు పంపుతుంది. కబురు అందగానే వాడి ల్యాప్‌టాప్‌లో ఒక చుక్క పడుతుంది.

అసలు వాడి గురి గొర్రెల మీద కాదు, జింకల మీద. ఆదోని, ఆస్పరి, ఆలూరు వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. రైతుకు మొలక దక్కనివ్వవు. అయితే కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. పైగా రాష్ట్ర జంతువు. దాని మెడ మీద చెయ్యి వెయ్యాలంటే పై నుంచి అనుమతులు రావాలి. అవి వచ్చేసరికి వీడి ఫెలోషిప్ గడువు తీరేటట్టుంది. ఇక బట్టమేకపిట్ట సంగతి ఎత్తనే అక్కర్లేదు. 1988లో రోళ్లపాడును దానికోసం అభయారణ్యంగా ప్రకటించారు గానీ, అక్కడ అది కనబడటమే అరుదైపోయింది. చివరికి వాడికి గొర్రెలే దిక్కయ్యాయి.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి కాస్త లోపలగా ఒక పల్లె ఉంది. అక్కడ నాకు తెలిసిన గొర్రెల కాపరి ఉంటే మావాడిని వెంటబెట్టుకొని పోయాను. తుంగభద్ర కాలువ నీళ్లు ఆ పల్లె దాకా రావు. వాన పడితే పత్తి, వేరుశనగ. పడకపోతే జీవాలే ఆధారం. పంట ఎత్తిన చేలల్లో పెద్దాయన మందను మేపుతాడు. రాత్రిళ్లు ఎవరి చేలోనైనా మంద ఆపితే ఎరువు పడుతుంది గనక ఆ రైతు ఇంత ముట్టజెబుతాడు.

పెద్దాయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది కడితే జీవానికి ఏమీ గాదు గదా సార్?”

“ఏమీ కాదు తాతా. బరువు కూడా తెలీదు.”

“దీంతో మీకేమొస్తాది?”

“గొర్రె ఎంత దూరం పోతుంది, ఎక్కడ ఎంతసేపు ఆగుతుంది... అది లెక్క కడతాను.”

“దానికి లెక్కేముండాది? మేత ఉంటే ఆగుతాది, లేకుంటే పోతాది.”

అవ్వ గడపలో కూర్చొని రొట్టెకు జొన్నపిండి జల్లిస్తోంది. అంతవరకూ పలకని మనిషి జల్లెడ ఆపి అడిగింది.

“తప్పిపోతే యాడుండేదీ తెలుస్తాదా సార్?”

“నిమిషాల్లో తెలుస్తుంది అవ్వా. నేను హైదరాబాదులో కూర్చొని చూస్తుంటాను.”

“యా జీవానికి కట్టినా తెలుస్తాదా?”

“ఏ జీవానికైనా సరే.”

పట్టీలు కట్టేటప్పుడు మనవరాలు సాయం పట్టింది. ఊరి బడిలో ఐదో తరగతి. ఏ గొర్రెకు ఏ నంబరు కట్టిందీ మావాడు పుస్తకంలో రాసుకునేలోపే ఆ పిల్ల గడగడా చెప్పేసేది. మంద మొత్తం ఎన్ని అని అడిగితే వేలు చూపించి లెక్కపెట్టలేదు. మూడేసి చొప్పున కళ్లతోనే ఎంచి చెప్పింది. నాలుగో నంబరు పడిన గొర్రె దానిదేనట. పిల్లప్పుడు సీసాతో పాలు పట్టి పెంచిందట.

సాయంత్రం మంద దొడ్డికి చేరాక వేపచెట్టు కింద కూర్చున్నాం. నడకకు లెక్కేమిటో చెప్పమని పెద్దాయనే మళ్లీ కదిపాడు. మావాడికి అడిగేవాడు దొరకాలే గానీ ఆగడు.

ఈ లెక్క పుట్టుకలో మన సికింద్రాబాదుకూ పాలుందని మొదలుపెట్టాడు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. దోమే దోషి అని తేలాక మరో చిక్కు ఎదురైంది. ఒక ఊళ్లో నీటి గుంటలన్నీ పూడ్చేస్తే దోమలు పోతాయి సరే, పక్క ఊరి దోమలు ఎగిరి రావా? చుట్టూ ఎంత మేర శుభ్రం చేస్తే ఊరు భద్రం? అంటే ఒక దోమ, దిక్కూ దారీ లేకుండా ఎగురుతూ పోతే, పుట్టిన చోటి నుంచి ఎంత దూరం చేరుతుంది? రాస్ 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ సభలో దీన్నే లెక్కగా చెప్పాడు. దాన్ని లండన్‌లోని కార్ల్ పియర్సన్ అనే గణాంకవేత్త ముందు కూడా పెట్టాడు. పియర్సన్ 1905 జూలైలో ‘నేచర్’ పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. ఒక మనిషి కొంత దూరం నడిచి, ఏదో ఒక దిక్కుకు తిరిగి, మళ్లీ అంతే దూరం నడిచి, మళ్లీ తిరిగి... ఇలా పోతుంటే చివరికి ఎంత దూరంలో తేలతాడో ఎవరైనా చెప్పగలరా అని. ‘రాండమ్ వాక్’ అన్న పేరు ఆ ఉత్తరంతోనే స్థిరపడింది. నీటిలో రేణువులు ఎందుకు అదురుతాయో ఐన్‌స్టీన్ లెక్క కట్టిందీ ఆ ఏడే. మరుసటి ఏడు పియర్సన్ యాదృచ్ఛిక వలసల మీద ఒక పుస్తకమే వేశాడు.

“ఇంతకూ దోమ ఎంత దూరం పోతాది?” అన్నాడు పెద్దాయన.

“అనుకున్నంత దూరం పోదు తాతా. రెట్టింపు దూరం చేరాలంటే నాలుగు రెట్ల సమయం కావాలి. మూడు రెట్ల దూరానికి తొమ్మిది రెట్లు. తిరిగిన చోటే తిరగడంతోనే సగం పొద్దు పోతుంది గదా.”

“మా మేకలు గూడా అంతే.”

అక్కడే తేడా వస్తుందన్నాడు మావాడు. నీటిలో రేణువుకు ఆ సూత్రం సరిపోతుంది గానీ ప్రాణమున్నవాటికి చాలాసార్లు సరిపోదు. ప్రాణి ఒకచోట మేత దొరికితే గంటల తరబడి, రోజుల తరబడి ఆగిపోతుంది. ఆగడం ఎక్కువైతే ఆ విస్తరణ, అంటే వ్యాపనం, మందగిస్తుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఎంతో దూరం పోతుంది. అలాంటి గెంతులు ఎక్కువైతే వ్యాపనం పరుగందుకుంటుంది. ఈ రెంటినీ కలిపి అసాధారణ వ్యాపనం అంటారు. మామూలు వ్యాపనంలో దూరపు వర్గం సగటు కాలానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. ఇక్కడ కాలం మీద ఆల్ఫా అనే ఘాతం కూర్చుంటుంది. ఆల్ఫా ఒకటికి తక్కువైతే మందగమనం, ఎక్కువైతే శీఘ్రగమనం. ఆ ఆల్ఫా సాధారణంగా పూర్ణాంకం కాదు, భిన్నం. అందుకే సమీకరణంలో అవకలనం కూడా భిన్నంలోనే చెయ్యాల్సి వస్తుంది.

ఒకసారి అవకలనం చెయ్యడం తెలుసు, రెండుసార్లు చెయ్యడం తెలుసు. మరి అరసారి చెయ్యడం ఎలా? ఈ ప్రశ్న 1695లో లోపిటాల్, లైబ్నిజ్‌ల మధ్య ఉత్తరాల్లోనే వచ్చింది. పైకి ఇది తికమకగా ఉన్నా ఏనాటికైనా పనికొచ్చే ఫలితాలు ఇస్తుందని లైబ్నిజ్ అప్పుడే జవాబు రాశాడు. ఆ ‘ఏనాడో’ రావడానికి చాలాకాలం పట్టింది. 1823లో ఆబెల్ ఒక యాంత్రిక సమస్యలో దాన్ని వాడాడు. తర్వాత లూవిల్, రీమాన్ దానికి ఒక రూపం ఇచ్చారు. 1965లో మాంట్రోల్, వైస్ అనే ఇద్దరు, గెంతుకూ గెంతుకూ మధ్య ఆగే కాలాన్ని కూడా లెక్కలోకి తెచ్చారు. ఆ తర్వాతే భిన్న కలనగణితం పుస్తకాల్లోంచి బయటపడి కణాల వెంట, జంతువుల వెంట నడవడం మొదలుపెట్టింది.

మనవరాలు పలక మీద ఏదో గీసుకుంటూ వింటోంది. తలెత్తకుండానే అంది.

“సగం పని రెండుసార్లు చేస్తే ఒక పని కావాల గదా సార్.”

మావాడు నా వైపు చూశాడు. నిర్వచనం సరిగ్గా అదే. అర అవకలనాన్ని రెండుసార్లు చేస్తే ఒక పూర్తి అవకలనం కావాలి.

“సార్, ఈ పిల్లను బాగా చదివించమని చెప్పండి,” అన్నాడు నాతో.

“చదువుతాది సార్. లెక్కల్లో వందకు వంద,” అంది అవ్వ.

ఇంతకూ భిన్న అవకలనంలో ఉన్న విశేషమేమిటో పెద్దాయనకు చెప్పడానికి మావాడు కిరాణా కొట్టును తెచ్చుకున్నాడు. మామూలు అవకలనం ఈ క్షణం ఏం జరుగుతోందో మాత్రమే చూస్తుంది, చేతిలో డబ్బు పెట్టి సరుకు పట్టుకుపోయినట్టు. భిన్న అవకలనం ఖాతా పుస్తకం లాంటిది. ఈ రోజు పద్దు తేల్చేముందు నిన్నటిదీ, పోయిన నెలదీ, పోయిన ఏటిదీ అన్నీ కలుపుకుంటుంది. పాతబడేకొద్దీ పద్దు బరువు తగ్గుతుంది. కానీ ఎంత పాతదైనా పూర్తిగా కొట్టివేత మాత్రం ఉండదు. ప్రాణి రేపటి నడకలో దాని వెనకటి నడకంతా ఉంటుందని ఆ సమీకరణం చెబుతుంది.

“అట్లయితే అది మాకు కొత్త గాదు సార్,” అన్నాడు పెద్దాయన. “పాత బాకీ యాడికి పంపిస్తే ఆడికే మా నడక.”

మావాడు నవ్వి, చివరగా ఒక పిట్ట కథ చెప్పాడు. దక్షిణ సముద్రాల్లో ఆల్బట్రాస్ అనే పెద్ద పక్షి ఉంది. 1990లలో శాస్త్రజ్ఞులు దాని కాలికి ఒక పరికరం కట్టారు. కాలు తడిగా ఉంటే పక్షి నీటి మీద వాలినట్టు, పొడిగా ఉంటే ఎగురుతున్నట్టు. లెక్క చూస్తే కొన్ని ప్రయాణాలు మరీ సుదీర్ఘంగా తేలాయి. తిండి వెతుక్కునే ప్రాణి నడకలో అరుదైన మహా గెంతులుంటాయని, దాన్ని లెవీ నడక అంటారని 1996లో ‘నేచర్’లో ప్రకటించారు. ప్రపంచమంతా జింకలకూ తేనెటీగలకూ అదే లెక్క కట్టింది. పదకొండేళ్ల తర్వాత, 2007లో, అదే పత్రికలో అసలు సంగతి తేలింది. ఆ సుదీర్ఘమైన ‘ఎగరడాల’లో పక్షి ఎగరనే లేదు. బయలుదేరకముందూ, తిరిగొచ్చాకా గూట్లో కూర్చుంది. గూట్లోనూ కాలు పొడిగానే ఉంటుంది గదా.

“మిషను యాడుండాదో చెప్తాది గానీ, ఏమైతాండాదో చెప్పదు గదా సార్,” అన్నాడు పెద్దాయన.

ఆ మాట నచ్చి మావాడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

సంక్రాంతి దాటిన వారానికి వాడి నుంచి ఫోను. గొంతులో సంబరం పట్టలేనంత.

“సార్! నాలుగో నంబరు గెంతింది! ఒక్క రాత్రిలో మూడు వందల కిలోమీటర్ల పైన! గుంటూరు అవతల ఉంది!”

“గొర్రె గుంటూరు పోవడమేమిటిరా? లారీ ఎక్కించి ఉంటారు. కోతకు పోయిందేమో.”

“నేనూ అదే అనుకున్నాను సార్. కానీ కోతకు పోయింటే చుక్క ఆగిపోవాలి గదా. రోజూ కదులుతోంది. పొద్దున్నే ఒకచోట బయలుదేరి చేలో తిరిగి చీకటి పడేసరికి మళ్లీ అక్కడికే వస్తోంది. ఎవరికో పాలికిచ్చి ఉంటాడు.”

అనుమానం తీర్చుకోవడానికి పెద్దాయనకు ఫోను చేశాడట. ఆ సంభాషణ నాకు పొల్లుపోకుండా వినిపించాడు.

“తాతా, నాలుగో నంబరు గుంటూరు పోయినట్టుందే?”

“పోయినాది సార్. ఉగాదికి వచ్చేస్తాది.”

“బాగుందా?”

“బాగుండాది. మీ పట్టీ యాడా తీయలేదు.”

“అక్కడ మేత బాగా దొరుకుతోందా?”

“కడుపు కోసమే గదా సార్ అంత దూరం పోయేది.”

ఇంకేం కావాలి? మిగతా గొర్రెల చుక్కలన్నీ ఊరి చుట్టూ చుట్టుకున్న దారపుండల్లా ఉంటే, నాలుగో నంబరు ఒక్కటే వాడి సిద్ధాంతాన్ని నిలబెట్టింది. దీర్ఘకాలం ఒకచోట ఆగడం, ఉన్నట్టుండి మహా గెంతు, మళ్లీ కొత్తచోట ఆగడం. కాలానికి ఒక భిన్నం, దూరానికి ఒక భిన్నం. ఫిబ్రవరి చివర్లో వాళ్ల విశ్వవిద్యాలయంలో సెమినార్ పెట్టి, నన్ను కూడా రమ్మన్నాడు.

తెర మీద నాలుగో నంబరు నడక చూపించాడు. దగ్గరకు లాగి చూస్తే విచిత్రంగా ఉంది. తూర్పు నుంచి పడమరకు తిన్నగా ఒక గీత, కొస దాకా పోయి వెనక్కి, పక్కనే ఇంకో గీత. సాళ్ల వెంట మేస్తోందని మావాడి వ్యాఖ్యానం. మధ్యాహ్నం కాసేపు ఒకే చుక్క. సాయంత్రం చేను గట్టున ఒకే చుక్క, తెల్లారేదాకా. వారానికి ఒక్కసారి దగ్గరి ఊళ్లోకి పోయి రావడం. ఒకచోట మాత్రం మూడు పగళ్లు, మూడు రాత్రులు చుక్క కదల్లేదు. ఆ చుక్క చుట్టూ మావాడు ఎర్ర సున్నా చుట్టి, “ఆగే కాలాల్లో ఇలాంటి విపరీతమైన విలువ ఒక్కటి దొరికినా చాలు. ఘాత నియమానికి ఇంతకంటే అందమైన సాక్ష్యం ఉండదు,” అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్ద ప్రొఫెసర్ లేచాడు.

“2006లో బ్రోక్‌మాన్ బృందం అమెరికాలో డాలరు నోట్ల వెంట పడింది గుర్తుందా? నాలుగున్నర లక్షలకు పైగా నోట్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి చేరాయో చూశారు. నోటు తానుగా నడవదు, మనిషి జేబులో నడుస్తుంది. అందుకే నోటు దారి మనిషి దారి. అక్కడా ఇదే వచ్చింది: మహా గెంతులు, వాటిని వెనక్కి లాగే దీర్ఘమైన ఆగడాలు, రెండు వైపులా భిన్న అవకలనాలు. నీ గీత నాకు గొర్రె గీతలా లేదయ్యా. ఆ నోట్ల గీతలా ఉంది.”

“గొర్రెను మనిషే తోలుతాడు గదా సార్,” అన్నాడు మావాడు.

“తోలనీ. మరి ఆదివారం ఆదివారం మీ గొర్రె సంతకెందుకు పోతోంది?”

హాలంతా నవ్వింది. మావాడూ నవ్వాడు. యజమాని వెంట పోతోందన్నాడు. ప్రొఫెసర్ కూర్చున్నాడు. మావాడు ఆ నెలలోనే వ్యాసం రాయడం మొదలుపెట్టేశాడు.

ఉగాదికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున మళ్లీ ఫోను.

“సార్, వచ్చేసింది! రాత్రికి రాత్రి! గుంటూరు నుంచి తిన్నగా ఆ ఇంటికే! చెప్పాను గదా, సమీకరణంలో జ్ఞాపకం ఉందని. నేను వస్తున్నాను. వ్యాసంలో దాని ఫొటో పెట్టాలి.”

పండగ మరునాడు ఇద్దరం పల్లెకు పోయాం. జనవరిలో తాళాలు వేసి ఉన్న ఇళ్ల ముందు ఇప్పుడు మూటలు, వంట సామాన్లు, మడిచిన టార్పాలిన్లు పడి ఉన్నాయి. మావాడు కెమెరా పట్టుకొని నేరుగా దొడ్లోకి పోయి గొర్రెల మెడలు వరసగా చూసుకొచ్చాడు. ఒకటో నంబరుంది, రెండుంది, మూడుంది, ఐదుంది.

“నాలుగో నంబరు ఏది తాతా?”

పెద్దాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ లోపలికి కేకేసింది.

“పాపా, ఇట్ల రా. సార్ వచ్చినాడు.”

మనవరాలు తలుపు పక్క నుంచి వచ్చింది. మెడలో నల్లతాడు. తాడుకు డబ్బా. డబ్బా మీద మావాడు మార్కరుతో రాసిన అంకె కొంచెం చెరిగింది గానీ చదవడానికి వస్తోంది: నాలుగు. పిల్ల వేళ్ల కొసలు ఎర్రగా పొక్కి తోలు లేచిపోయి ఉన్నాయి. మిరపకాయలు తెంపిన చేతులు.

“ఇదో సార్. నీళ్లు పోసుకునేటప్పుడు తప్ప తీయలేదు,” అంది అవ్వ.

నాలుగో నంబరు గొర్రెను సంక్రాంతికి ముందే ఎమ్మిగనూరు సంతలో అమ్మేశారు. కొన్నవాడు పట్టీ మాకెందుకని విప్పి ఇచ్చేశాడు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు చెల్లాలి గనక కొడుకూ కోడలూ ఎప్పటిలాగే మిరపకోతల సుగ్గికి గుంటూరు పోయారు. కిలోకింతని కూలి గనక చేతులు ఎన్ని ఉంటే అంత మంచిదని పిల్లనూ తీసుకుపోయారు. పోయినేడు అక్కడ మిరప కల్లాల దగ్గర ఈ పిల్ల తప్పిపోయింది. ఎవరి భాష ఎవరికి తెలుసు, ఎవరి ఊరు ఎవరికి తెలుసు? అర్ధరాత్రికి గానీ దొరకలేదు.

“మీరే గదా సార్ చెప్తిరి, యా జీవానికి కట్టినా యాడుండేదీ తెలుస్తాదని. హైదరాబాదులో కూసోని చూస్తాంటానని. మీరు చూస్తాంటారు గదా అని ఈ యేడు మేము ధైర్యంగా నిద్రపోయినాం.”

మావాడు కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. కాసేపటికి ఒక్కటే అడిగాడు.

“ఫిబ్రవరిలో మూడు రోజులు ఎక్కడికీ కదల్లేదే పాపా?”

“జరం వచ్చింది సార్. గుడారంలోనే పండుకున్నా. ఒగదాన్నే.”

వాడిక ఆ గీతను గొర్రె పేరు మీద అచ్చు వేయలేడు. తీసి పారేయడానికీ మనసొప్పలేదు. చుక్కలు ఏ తేదీ నుంచి పిల్లవో, ఏ తేదీ దాకా గొర్రెవో విడదీయాలి. పెద్దాయన ఇంట్లో ఎవరికీ తేదీలు గుర్తులేవు. పిల్ల బడికి పోనిది ఏ రోజు నుంచో తెలిస్తే సరిపోతుందని, హాజరు పట్టీ చూపించమని అడగడానికి నన్ను బడికి తీసుకుపోయాడు.

హెడ్మాస్టరు మర్యాదగానే మాట్లాడాడు. సుగ్గి మొదలైతే బడి సగం ఖాళీ అవుతుందన్నాడు. పేరు కొట్టేస్తే పిల్ల తిరిగి రాదని, సంఖ్య తగ్గితే ఉన్న టీచరు పోస్టు కూడా పోతుందని చెప్పుకొచ్చాడు. చెబుతూనే రిజిస్టరు తీసి ముందు పెట్టాడు.

మావాడు ల్యాప్‌టాప్‌లో చుక్కల పట్టీ తెరిచి, రిజిస్టరులో ఆ పిల్ల పేరు మీద వేలు పెట్టి, తేదీ వెంట తేదీ సరిచూసుకుంటూ పోయాడు. సంక్రాంతి సెలవుల నుంచి ఉగాది దాకా, బడి నడిచిన ప్రతి రోజూ, ఆ మూడు జ్వరం రోజులతో సహా, ఆ పిల్ల బడికి హాజరైంది.